కన్నిసామికి మెట్టెలు

ఆడి నెలలో ఓ శుక్రవారం పొద్దున, వాడిపట్టిలో. పెళ్ళికాకుండా చనిపోయిన ఆడపిల్లను కన్నిసామిగా కొలవడం ఆ ఇళ్ళలో ఆచారం. చెల్లెలు అభిరామికి ఏటా చేసే పూజకు లక్ష్మమ్మాళ్ అంతా సర్దుకుంది గానీ, పీలమేడు నుంచి దిగిన కొడుకు ప్రభాకరన్ సంచి విప్పాక ఆ పూజ ముందుకు సాగితే ఒట్టు.

“తియ్‌రా వాటిని! కన్నిసామి ముందర మెట్టెలు పెడతావా? బుద్ధుండాదా నీకు?”

“ఉండాది గాబట్టే తెచ్చినానమ్మా. అభిరామి చిన్నమ్మ కన్నిపిల్ల కాదు.”

“నోరు మూయ్. పావాడ, గాజులు, పూలు. అంతే. మా నాయన పెట్టిన పద్ధతి.”

“ఆ పావాడ ఏటేటా తెల్లారేసరికి బావిగట్టు మీద ఉంటాదే, అదీ తాత పద్ధతేనా?”

“పిల్లి ఈడ్చుకు పోతాది.”

“పిల్లి తడిపి, పిండి, ఆరేస్తాదా?”

“మా వాడిపట్టి పిల్లులు చేస్తాయిరా. మిల్లులో ఉండేవాడివి, నీకేం తెలుసు?”

“మాలిని కలలోకి వచ్చేదీ పిల్లేనా? తల తడిసిన ఆడమనిషి వచ్చి, వట్టి కాళ్ళు చూపించి ఏడుస్తాదంట. నా బిడ్డ కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో తెలుసా?”

“సెల్‌ఫోన్ చూడనియ్యకు. సరిపోతాది.”

“అమ్మా, నేను పెరియకుళం పోయినాను.”

“మామిడిపండ్లు తెచ్చినావా?”

“పాండిని చూసినాను. ఇంకా ఆడ మామిడితోపులోనే ఉండాడు. చిన్నమ్మకు మురుగన్ కోయిల్లో తాళి కట్టినాడంట. తాత మనుషులతో వచ్చి లాక్కపోయినాడంట. ఏడాది తిరక్కముందే బావి.”

“జారి పడింది.”

“నీకు ఈత నేర్పింది చిన్నమ్మేనని నువ్వే గదా చెప్పినావు?”

“జారి పడిందంటే జారి పడిందే! మా నాయన తోసినాడని ఎవుడన్నా చూసినాడా?”

“తోసినాడని నేను అన్లేదే.”

“మాటకు మాట పట్టుకోకు.”

“తోసినాడు. తాళి తెంచినాడు. తర్వాత సామిని చేసి కూచోబెట్టినాడు. పోయినోడి పాపానికి నువ్వేంటికి కావిలి? నా బిడ్డేంటికి ఏడవాల? ఈ మెట్టెలు నేను పెట్టేదే. ఊరంతా చూడనీ.”

“పెట్టి చూడు! నా పీనుగు దాటి పోయి పెట్టు!”

“ఇంకా తాతనే కాపాడతావా?”

“ఆ మనిషినా? నరకంలో ఉడకనీ! తోసినాడు, నేను చూసినాను. చాలునా?”

“చూసి... ఇన్నేళ్ళు ఎట్ల ఉండావమ్మా నోరు మూసుకుని?”

“ఆ పొద్దు అభిరామి నిన్ను నా ఒడిలో పెట్టింది, అప్పుడే పుట్టిన బిడ్డవి. అది కన్నిపిల్లగా ఉండేంతవరకేరా నేను నీకు అమ్మ.”