డాక్టరుగారు గీసిన బొమ్మ

ఆదివారం ఆరాధన అయ్యాక రాజోలు చర్చి ముందు ఆటో ఎక్కారు అత్తాకోడళ్లు. బాబు కోడలి ఒళ్లో నిద్రపోతున్నాడు.

"డాక్టరుగారు గీసిచ్చిన బొమ్మ అందరికీ ఎందుకు చూపించేరండీ అత్తయ్యగారూ?"

"బాబు కోసం ప్రార్థన చెయ్యమన్నానమ్మా."

"ప్రార్థనకి బొమ్మెందుకండీ?"

"జబ్బేంటో చెప్పాలి కదా. ఒంట్లో ప్రతి కణంలోనూ చిక్కుడు గింజల్లాంటివి ఉంటాయంట, కణానికి శక్తి తయారుచేసేవి అవేనంట, మావాడికి అవే పాడయ్యేయి అన్నాను."

"అవి తల్లి నుంచే వస్తాయని కూడా చెప్పేరు."

"ఆయ్. డాక్టరుగారన్న మాటేగా."

"కణం మధ్యలో కేంద్రకం కూడా గీసేరు కదండీ. అందులో సగం మీ అబ్బాయి నుంచి వచ్చిందేనన్నారు. అది చెప్పలేదేం?"

"జబ్బు ఉన్నది అందులో కాదుగా."

"కాదండీ. వీడు పుట్టినప్పుడు ముక్కు మీ అబ్బాయిది, చెవులు మావయ్యగారివి, ఆఖరికి కాలిగోళ్లు కూడా మీ వైపువే అన్నారు. నా పోలిక ఒక్కటీ రాలేదా అనడిగితే నవ్వేరు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"ఏం లేదండీ. ఇన్నాళ్లకి వాడిలో నాదొకటి దొరికింది మీకు."