ఒక్క మాటలో

(మదనపల్లెలో మేడ మీద చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. యజమాని హరినాథ్, అక్కడ ప్రోగ్రాములు రాసే హుమా.)

“సూడమ్మా హుమా, ఇప్పుడు స్క్రీను ఎంత ప్రశాంతంగా ఉండాదో! మొన్నటిదాకా ఆ ఏఐ అసిస్టెంటు నల్ల తెర నిండా వాగతానే ఉండె. ‘ఈ ఫైలు సదివినా, ఆ ఫైలు దిద్దినా, ఈడ నాకు అనుమానంగా ఉండాది’ అంటా... రామరామ!”

“ఎక్స్‌టెన్షన్ ఏసినా కదా సార్. అదంతా మడిచి దాచేస్తాది. ఆఖరి ముక్కే కనిపిస్తాది. కానీ సార్...”

“‘అయింది.’ అంతే! మనుషులు కూడా ఇట్లే ఉంటే ఎంత బాగుంటాది.”

“నిన్న సాయంత్రం మీరు నా సీట్లో కూర్చొని...”

“టూకీగా, టూకీగా! పుంగనూరు నుంచి పాడి రైతుల సంఘం ప్రెసిడెంట్ వెంకటప్ప వస్తాండాడు. పశువుల టీకాలకు మెసేజీలు పంపే మన యాప్ ఆయనకు నచ్చకుంటే ఆఫీసు మూసుకోవాల్సిందే. ఏముండాదో ఒక్క మాటలో చెప్పు.”

“ఆవులు.”

“ఆవుల పనే కదమ్మా మనది! పో, కుర్చీలు తుడిపించు.”

“సార్, ఒకతూరి కిటికీలోంచి...”

“మళ్లీ మొదలుపెట్టినావు... ఏందా అరుపులు? కింద సంతేమన్నా పెట్టినారా?”

“మీరే సూడండి.”

“యమ్మా! ఇన్ని ఆవులా! ట్రాలీ ఆటోల్లో కూడా దించతాండారే! ఈడికి యాల తోలుకొచ్చినారు?”

“‘పొద్దున పదికి టీకా, మీ ఆవును తోలుకొని రండి’ అని మెసేజ్ పోయిండాది. కింద మన ఆఫీసు అడ్రసు.”

“అది ఉత్త ట్రయల్ కదా! నా ఒక్క ఫోనుకే పోవాల!”

“ట్రయల్ జాబితాలో మీ నంబరు ఎక్కించలేదు సార్. ‘జాబితా ఖాళీగా ఉండాది, రైతులందరికీ పంపమంటారా?’ అని ఆ ఏఐ మూడుసార్లు అడిగిండాది. అదంతా మడతలో ఉండిపోయింది. ఎవరో ఎంటర్ కొట్టినారు.”

“ఎవరో అంటే... అడుగున ఏదో మినుకు మినుకు అంటా ఉంటే నేనే ఊరికే... ఎంతమందికి పోయిందమ్మా?”

“నాలుగు వందల పన్నెండు.”

“అంత దూరం సోమల ఊరోళ్లకు కూడానా?”

“వాళ్లే ముందొచ్చినారు. అదో, ఎర్రావును పట్టుకొని పైకి సూస్తాండారే, ఆయనే వెంకటప్ప గారు.”

“సచ్చినాం! ఇంత తెలిసీ పొద్దున్నుంచి నోరు మూసుకొని ఉండావా? నాకు చెప్పొద్దా?”

“చెప్తిని కదా సార్. ఒక్క మాటలో.”