తేట నీళ్లలో మిరప తునక

హలో… ఆ, నేనే. పొయ్యిల ముసలాణ్ణి. మఠం నుంచి.

…

లేదు, ఎవరూ పోలేదు. పెద్ద భిక్షువుగారు బాగానే ఉన్నారు. పొద్దున రెండు గిన్నెలు తిన్నారు.

…

నేనూ బతికే ఉన్నాను. అందుకేగా మాట్లాడుతున్నది.

…

ఫోను నాది కాదు. టీ గదిలో అమ్మాయిది. అడిగితే ఇచ్చింది. నీకు పనేమన్నా… గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆ హోటల్లోనే కడుగుతున్నావా ఇంకా.

…

సరే. అయితే చేతులు తుడుచుకుని ఒక పక్కకి రా. ఒక సంగతి చెప్పాలి. వాగు పొంగి మన జాడీలన్నీ కొట్టుకుపోయిన ఏడు… ఆ ఏటి సంగతి.

…

తెలుసు. ఆ ఏడు ఊసెత్తితే ఫోను పెట్టేస్తానని నువ్వు కబురు చేసిన సంగతి మఠమంతా తెలుసు. పెట్టెయ్యకు, ఒక్బునమ్మా. పందొమ్మిదేళ్లు నీ వంటింటికి కట్టెలు మోశాను. ఆ పందొమ్మిదేళ్లలో నీతో పది మాటలు ఆడానో లేదో. మిగిలినవి ఇవాళ…

…

ఆ. సూపులో ఉప్పు ఎక్కువైందని ఒకసారి అన్నాను. నిజమే. పదకొండు.

…

విను మరి. జాడీలు పోయాయి కదా. కింది ఊరివాళ్లు జాలిపడి ఒకే ఒక్క జాడీ ఎర్ర కిమ్చీ పంపారు, కారం దట్టించిన ఊరగాయ. ఊరి ఆవిడ మూతకి గుడ్డ కట్టి, తాడుతో ముడి వేసి పంపింది. నువ్వు ఆ ముడి విప్పకుండా మూలన పెట్టావు. ఎందుకంటే ఆ ఆదివారం పట్నం నుంచి నలభై మంది వస్తున్నారు, మనసు కుదుటపరుచుకోవడానికి. వాళ్లకి బోధించడానికి ఆ పెద్ద మఠం గురువు, నల్ల కారులో. అందరికీ నాలుగు గిన్నెల భోజనం. ఎర్రది నలుసు కూడా ఉండకూడదని ఆయన ముందే చెప్పి పంపాడు.

…

ఆ, తెల్ల ముల్లంగే పెట్టావు. నాకు తెలుసు. అందరికంటే నాకే బాగా తెలుసు.

…

చెప్తున్నా. తొందరపెడితే మళ్లీ నోరు మూతపడుతుంది. — నన్నెందుకు ఆ వరసలో కూర్చోబెట్టారో గుర్తుందా. బ్యాంకు ఆయన ఒకడు మోకాళ్లు పట్టేసి లేచిపోయాడు. వరసలో ఖాళీ ఉండకూడదని నన్ను పొయ్యి దగ్గర్నుంచి లాక్కొచ్చారు. చేతులకి మసి. గడ్డం నిండా బూడిద.

…

బూడిద ఒక్కటే కాదు. అదే చెప్పబోతున్నా.

ఆ తెల్లవారుజామున నూడుల్స్ తిన్నాను. పొట్లం నూడుల్స్. కారంవి.

…

ఎక్కడేమిటి. ధ్యానమందిరం నేల వెచ్చబెట్టే కింది పొయ్యి దగ్గరే. నిప్పుల మీద సత్తు గిన్నె పెట్టి కాచుకున్నాను. పైన వాళ్లంతా ఊపిరి లెక్కపెట్టుకుంటున్నారు, కింద నేను నూడుల్స్ ఊదుకుంటున్నాను.

…

ఒక్కసారి కాదు. పందొమ్మిదేళ్లుగా. కట్టెల గుట్ట వెనక దాచేవాణ్ణి. ఏదో వాసన వస్తోందని నువ్వు అడిగితే దేవదారు జిగురు అన్నాను. అది పన్నెండో మాట.

…

తిట్టు. కానీ కొంచెం దాచుకో, అసలుది ఇంకా రాలేదు.

తిన్నాం. నీళ్లు పోసి ముల్లంగి ముక్కతో గిన్నెలు రుద్దుకుని ఆ నీళ్లు తాగేశాం. గిన్నెలు తొలిచిన ఆఖరి తేట నీళ్లు అందరం పొయ్యడానికి బాల్చీ వరసలో వస్తోంది. నా దగ్గరికొచ్చింది. వంగాను. గడ్డంలోంచి జారింది. మిరప తునక. గోరులో సగం ఉంటుందేమో. నా గిన్నెలో పడి, నా నీళ్లతోపాటే బాల్చీలోకి పోయింది.

…

చూశాను. చూశాననే కదా చెప్తున్నాను. ఈ క్షణంలో ఉండండి, ఈ క్షణంలో ఉండండి అని ఆ గురువు గంటసేపు చెప్పాడే. మొత్తం మందిరంలో ఆ క్షణంలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది గిర్రున తిరుగుతూ తేలడం కూడా చూశాను.

…

ఏం చేశానా. బాల్చీని పక్కవాడి వైపు తోశాను.

…

…

ఉన్నావా.

…

తర్వాతది నీకు తెలియనిదేముంది. ఆయన బాల్చీ ఎత్తి అందరికీ చూపించాడు. ఆకలి దయ్యాల గొంతు సూది బెజ్జమంత, వాటికి పోసే నీళ్లలో ఈ తునక ఉంటే అడ్డం పడి నిప్పవుతుంది — ఏళ్ల తరబడి కొత్తవాళ్లకి నువ్వు చెప్పే మాటే తిప్పి నీకు చెప్పాడు. నీళ్లు తేటగా లేకపోతే వరసలో అందరూ తలా గుక్క తాగాలి కదా. తాగారు. ఒకావిడ ముక్కు మూసుకుని తాగింది, ఒకడు బయటికి పరిగెత్తాడు. గరిటె ఎర్ర జాడీలో ముంచి ఉంటారు, ఎరుక లేని చెయ్యి, అన్నాడు. వంటింటి దాకా వెళ్లి ఆ ముడి చూసినవాడు లేడు. నువ్వు గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆ జాడీ నేను విప్పలేదు అన్నావు. రెండుసార్లు అన్నావు.

నేను రెండుసార్లూ విన్నాను.

…

నా వంతు గుక్క నేనూ తాగాను. కారంగా లేదు.

…

ఎందుకంటే… నూడుల్స్ సంగతి తెలిస్తే నన్ను కొండ దించేస్తారని. అప్పటికే అరవై తొమ్మిది. పొయ్యి తప్ప ఇంకో పని రాదు. — కాదు. అది అబద్ధం. పెద్ద భిక్షువుగారు నవ్వి ఊరుకునేవారు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. సిగ్గేసింది. నలభై మంది ముందు గడ్డం తడుముకోవాలంటే సిగ్గేసింది. అంతే. అంత చిన్నది.

…

నాలుగేళ్లు. అవును. చెప్పలేదని కాదు, ఒకసారి చెప్పాను. నువ్వు నమ్మవు.

ఇక్కడ కొత్త పద్ధతి పెట్టారు. పట్నం వాళ్లు వచ్చి గంటసేపు నా పక్కన చాప వేసుకుని కూచుంటారు. మంట చూడాలి, మాట్లాడకూడదు. నా దగ్గర మౌనం నేర్చుకుంటారంట.

…

నవ్వకు. బోర్డు కూడా రాసి పెట్టారు. నేను కట్టె తోస్తే వాళ్లు ఊపిరి పీలుస్తారు. నేను ముక్కు చీదితే కళ్లు మూసుకుంటారు. మొన్నొకాయన నేను గోక్కోవడం చూసి తనూ గోక్కున్నాడు, అదీ సాధనలో భాగమనుకున్నాడేమో.

…

ఆ, అందులో ఒకమ్మాయి, యెరిన్ అని, సియోల్‌లో ఏదో ఆఫీసులో పని. వెళ్లేటప్పుడు అడిగింది, తాతగారూ మీకీ మౌనం ఎలా అబ్బిందని. నిద్రపట్టని పిల్ల, కళ్ల కింద నలుపు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నోరు తెరిస్తే దొరికిపోతానమ్మా" అన్నాను.

…

రాసుకుంది. నెల తిరక్కుండా దాన్ని కుంచెతో రాయించి, పటం కట్టించి పంపింది. టీ గదిలో తగిలించారు, బుద్ధుడి పక్కన. నేను కూడబలుక్కుని చదివాను. నా మాటే. కింద నా పేరు. జనం దానికి చేతులు జోడిస్తున్నారు, ఒక్బునమ్మా. ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇక్కడ నిజం చెప్పినా దొరకను.

ఆ పటం కింద కూచుంటే టీ గొంతు దిగడం లేదు.

…

అందుకే ఇవాళ పొద్దున భోజనంలో లేచి నిలబడి చెప్పేశాను. నూడుల్స్, గడ్డం, నీ పేరు, విప్పని జాడీ, అన్నీ.

…

ఏమన్నారా. చప్పట్లు కొట్టారు. ధ్యానం నేర్పే ఆయన, దీన్నే వదిలెయ్యడం అంటారని అందరికీ వివరించాడు. నేనేదో బరువు దించుకున్నానంట. పెద్ద భిక్షువుగారొక్కరే కదల్లేదు. ఆమెకి చెప్పావా అని అడిగారు. లేదన్నాను. అయితే ఇంకా ఎవరికీ చెప్పనట్టే, కూర్చో, అన్నారు.

…

లేదు, నిన్ను రమ్మని చెప్పమనలేదు. నేనూ రమ్మనను. నీ వంటిల్లు నీ వంటిల్లులాగే ఉంది, అది మాత్రం చెప్తాను. కొత్తావిడ సూపు కుడితిలా ఉంటుంది, అదీ చెప్తాను. నీ తప్పు లేదని అందరికీ తెలిసింది. అంతే చెప్పాలి.

…

అయిపోలేదు. ఇంకొకటి ఉంది. క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు సరేనంటావు. నన్ను మంచివాణ్ణనుకుంటున్నావు కాబట్టి అంటావు. అదే నాకు అడ్డంపడుతోంది.

…

చూశావా. ఆ మాట నువ్వు అంటావనే భయపడ్డాను.

మర్నాడు పొద్దున. అవును. నువ్వు మూట కట్టుకుని దిగుతుంటే ఎవరూ గడప దాటి రాలేదు. నేనొక్కణ్ణే వచ్చాను. నీ మూట వీపున వేసుకుని బస్సు దాకా మోశాను. అంత దూరం. నిజమే.

దయ కాదది.

…

విను. ఆ ముడి వేసిన ఊరి ఆవిడ మధ్యాహ్నం పైకొస్తానంది, ఖాళీ బుట్టల కోసం. ఆమె వచ్చేదాకా ఉండి, ఆ ముడి చూపించి పోతానని నువ్వు అరుగు మీద కూలబడ్డావు. తను వేసిన ముడి అలాగే ఉందని ఆమె అంటే నువ్వు కాదని తేలిపోతుంది. నువ్వు కాకపోతే ఎవరని వెతుకుతారు. అందుకని మూట ఎత్తుకున్నాను. బస్సు పోతుంది, పద, అన్నాను. ముందు నేనే నడిచాను. గబగబా. నువ్వు ఆయాసపడుతున్నా వెనక్కి తిరగలేదు.

…

వచ్చింది. ఆవిడ వచ్చింది. బుట్టలు తీసుకుని పోయింది. నువ్వు లేవు, ముడి సంగతి ఎవరూ అడగలేదు.

…

బస్సెక్కేముందు నువ్వు సంచీలోంచి రెండు బియ్యప్పిండి ఉండలు తీసి నా చేతిలో పెట్టావు. లోపల నూపప్పు, తేనె. దారికని ఆ తెల్లవారే చేసుకున్నావు. ఇన్నేళ్లకి నాకు మిగిలిన మనిషివి నువ్వొక్కడివే, అన్నావు.

…

పారెయ్యలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. రాయి మీద కూచున్నాను. తిన్నాను. రెండూ తిన్నాను. వీళ్లు నేర్పుతారే, ఒక్కో ముద్దా తెలుసుకుంటూ నెమ్మదిగా నమలమని. అచ్చం అలా.

…

…

ఏంటి. — ఎలా ఉన్నాయా.

బాగున్నాయి. అప్పటికింకా వెచ్చగా ఉన్నాయి.

…

హలో.