ఊట పైనున్న పొడుగు రాయి

హలో… ఆ, నేనే. రహోనే. చెప్పన్నా…

నూరేళ్ళు నీకు. ఇప్పుడే అమ్మా నేనూ నీ మాటే అనుకుంటున్నాం… బాగానే ఉంది, మోకాళ్ళే కాస్త ఇబ్బంది పెడుతున్నాయి. ఇదిగో, ‘మీమూన్, ఏం తిన్నావు’ అని నిన్ను అడగమంటోంది. బార్లీ రొట్టెలు కాలుస్తోందిలే. నువ్వుంటే పొయ్యి దగ్గరే సగం ఖాళీ చేసేవాడివని…

అవునా… కాసాబ్లాంకా టూరిస్టులా. ఎన్ని బళ్ళు… అబ్బో, ఆరు జీపులే. ఇన్నాళ్ళకి నీ పంట పండింది పో. మొన్నటిదాకా ఒక్క బండి దొరికితే పండగ మనకి…

ఎక్కడ దింపావు… కోతులబండ దగ్గరా. మంచి పని చేశావు. నేల చదును, దేవదార్ల నీడ, గుడారాలకి అంతకంటే ఏం కావాలి. తిండి మాత్రం జీపుల్లో పెట్టి తలుపులు వేసుకోమను. పోయినేడు ఆ జర్మనీ దొరసాని టోపీ… ఆ, అదే. చెట్టెక్కి నెత్తిన పెట్టుకుని కూర్చుంది కోతి. దింపు దింపు అని ఆవిడ కింద ఒకటే గోల…

ఏంటన్నా, నవ్వట్లేదు…

జీపులు కూరుకుపోయాయా… ఎన్ని… రెండా. మూడోది కూడానా…

కోతులబండ దగ్గర కూరుకుపోవడమేంటి. అక్కడ తవ్వినా మట్టి దొరకదు, అంతా రాయేగా… వాన పడిందా… మాకు చినుకు కూడా లేదే…

ఆగు. ఒక్క నిమిషం ఆగు. ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావు…

ఏంటీ… కోతులబండ దగ్గర్నుంచేనా…

కోతులబండ దగ్గర సిగ్నల్ లేదన్నా.

లేదు. ఎన్నడూ లేదు. అక్కడ మన బండి ఆగిపోతే ఫోన్ చెయ్యడానికి దిక్కులేక మా ఊరిదాకా నడవలేదూ మనం. నీ బూటు అడుగు ఊడిపోతే తాడు కట్టుకుని నడిచావు, మర్చిపోయావా… ఊరు దాటాక ఈ అడవిలో సిగ్నల్ దొరికేది ఒక్కచోటే. అది నేనే చూపించాను నీకు. ఊట పైనున్న పొడుగు రాయి. ఎక్కి నిలబడితే తప్ప అందదు…

నువ్వా రాయి మీదున్నావు.

…

మాట్లాడు.

…

అగ్దాల్‌లోకి వెళ్ళావు. మా ఊరు మూసి ఉంచిన పచ్చికలోకి, జీపులేసుకుని.

ఒక్క రాత్రికేనా… ఒక్క రాత్రైతే ఏంటన్నా, వంద రాత్రులైతే ఏంటి. ఇంకా తెరవలేదది. ఊరంతా పోయి, ఫాతిహా చదివి, తెరిచాం అంటేనే మందలు కదలాలి. అప్పటిదాకా మా ఊరి గొర్రెపిల్ల కూడా ఆ గడ్డిలో మూతి పెట్టదు. ఇక్కడ కొండలన్నీ బోడిగా అయిపోయాయి, పశువులు ఎముకల గూళ్ళలా ఉన్నాయి, అయినా ఓర్చుకుని కూర్చున్నాం. వేసవంతా మాకున్న మేత అదొక్కటే…

ఎవరూ చూడరా… ఈ ఏడు దానికి కాపలా ఎవరనుకున్నావు… నేను. నేనే. మసీదు ముందు నిలబెట్టి, రహో ఉన్నాడు మనకేం భయం లేదు అన్నారు. ముసలి హమ్మూ తాత నా తల నిమిరాడు…

ఆ నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది. కింద అంతా నీళ్ళే. ఎండ తగిలి నేల బిగిశాకే కదా తెరుస్తాం. ఊరికే పెట్టారనుకున్నావా ఆ గడువు…

ఎంత మేర తొక్కారు… నీళ్ళు నమలకు, చెప్పు… ఊటదాకానా…

ఊటలోకేనా.

…

అసలు దారెలా తెలిసింది. నువ్వొచ్చింది ఒక్కసారి, అదీ నడిచి. కావాలనే చెట్లలోంచి చుట్టూ తిప్పి తీసుకొచ్చాను నిన్ను…

ఫోనా… జేబులో ఉన్న ఫోను…

నడిచినంతసేపూ దారి గీసుకుంటూనే ఉందా అది. నేనేమో ముందు నడుస్తూ, ఇక్కడ జారుతుంది, అక్కడ పొద జాగ్రత్త అని నీకు చెప్పుకుంటూ… ఊట దగ్గర దోసిలి పట్టి తాగి ఏమన్నావు. కళ్ళతో చూశాను తమ్ముడూ, చక్రంతో తొక్కను అన్నావు. అప్పుడు కూడా గీస్తూనే ఉందా…

ఇంకెవరి దగ్గరుంది… ఎక్కడ పెట్టావు… నెట్‌లోనా… అంటే ఎవడు పడితే వాడు తీసుకోవచ్చా. అల్జీరియాలో కూర్చున్నవాడు కూడానా…

అయితే ఇక మూసినా తెరిచినా ఒకటే.

…

లేదు, అరవట్లేదు. అరిచానా… నోటిదాకా వస్తోంది. వేరేవాడైతే ఈపాటికి వాడి ఏడు తరాలూ కడిగేసేవాణ్ణి. నిన్ను అనకూడదు కదా. తాదా ఒట్టు అడ్డమొస్తోంది. మీ తెగా మా తెగా కొట్టుకు చచ్చి, చివరికి ఒకచోట కూర్చుని, అటువాళ్ళ చెప్పులొక కుప్ప, ఇటువాళ్ళ చెప్పులొక కుప్ప పోశారు. ఎవరి చెప్పు పక్కన ఎవరి చెప్పు పడితే వాళ్ళు అన్నదమ్ములన్నారు. మా తాతకి మీ తాత పడ్డాడు. అప్పట్నుంచి మన రెండిళ్ళ మధ్య తిట్టు లేదు, అబద్ధం లేదు, అడిగినదానికి లేదనడం లేదు. మీ తాత చెప్పు ఇప్పటికీ మా అమ్మ పెట్టెలో ఉంది, పట్టుగుడ్డలో చుట్టి…

పాతకాలం మాటలా. సరే. పోయిన శీతాకాలం నీ కూతురికి ఊపిరాడనప్పుడు ఫోన్ చేశావు చూడు, అప్పుడు మంచులో బండేసుకొచ్చింది పాతకాలమే. ఊట చూపించమన్నప్పుడు కాదనలేకపోయిందీ పాతకాలమే. నమ్మించి గొంతు కోశావన్నా. తాదా మరిచిపోయి కాదు, అది ఉంది కాబట్టే కోయగలిగావు.

…

ఏంటి… మళ్ళీ చెప్పు…

నేను రమ్మన్నానని చెప్పాలా. ఊరికి.

కాపలావాడే ఒప్పుకున్నాడంటే ఎవరూ ఏమీ అనరంటావు… నిన్ను అనరు. నన్నేం చేస్తారో తెలుసా. అనడం కూడా ఉండదు. మాట్లాడరు. నా పొయ్యిలోకి నిప్పివ్వరు. రేపు మా అమ్మ పోతే పాడె మొయ్యడానికి ఒక్క భుజం రాదు…

తాదా మీద అడుగుతున్నావా. ఇప్పుడే పాతకాలం అన్నావు…

…

సరే.

సరే అంటున్నాగా. అడిగావు, కాదనను. కంచరగాడిదలు తెస్తాను, చెక్క పలకలు తెస్తాను. చక్రాలు తిప్పడం ఆపమను ముందు, తిప్పేకొద్దీ దిగుతాయి. ఆడవాళ్ళనీ పిల్లల్నీ గట్టు మీదికి పంపు. పొద్దు వాలేలోపు లాగేస్తాను… ఆ, చెబుతాను. సాయంత్రం ఊరి సభలో నిలబడి, నేనే రమ్మన్నానని చెబుతాను. నీ పేరు రానివ్వను.

కృతజ్ఞతలెందుకులే…

ఉండు, పెట్టెయ్యకు. నేనూ ఒకటి అడుగుతున్నాను. తాదా మీదే. ఇన్నేళ్ళలో నిన్నేమీ అడగలేదు నేను, అవునా కాదా…

నువ్వు కూడా రా. ఈ సాయంత్రం సభకి… వినన్నా, ఏం మాట్లాడక్కర్లేదు. ఒప్పుకోమనడం లేదు. నేనా మాట చెప్పేటప్పుడు నా పక్కన నిలబడు, చాలు. హమ్మూ తాత నా మొహంలోకి చూస్తాడు కదా, అప్పుడు నా పక్కన ఒక మనిషుండాలి. ఒక్కణ్ణీ నిలబడలేను…

ఎందుకు కుదరదు…

జీపులవాళ్ళు ఒక్కపూట ఆగలేరా…

ఏంటి… వినపడట్లేదా. నాకు బాగానే వినిపిస్తోందే…

సిగ్నల్ పోతోందా.

లేదు మీమూన్. ఆ రాయి మీద సిగ్నల్ పోదు.

…

హలో…

హలో… మీమూన్…

…

అమ్మా, రొట్టె మాడుతోంది చూడు… ఏం లేదు. మీమూనే. జీపులు దిగబడ్డాయట, వెళ్ళి లాగాలి… మాటిచ్చానుగా, అది చేసే వస్తాను. నీ పెట్టె తాళం ఎక్కడుంది… వాళ్ళ తాత చెప్పు తియ్యి… వద్దు, పట్టుగుడ్డ వద్దు, అది మనది. ఉత్త చెప్పే ఇవ్వు. బళ్ళు లాగాక అతని చేతిలో పెట్టేస్తాను, దాంతో తాదా తెగిపోతుంది… సభకా. వెళ్తాను. అది ఇచ్చేశాకే వెళ్తాను. అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పొచ్చు.

ఫోన్ ఇక్కడ పెడుతున్నా. మోగితే ఎత్తకు.