తప్పు కార్నర్‌దా, కోచ్‌దా?

గౌలిపుర మైదానంలో ప్రాక్టీస్ కబడ్డీ ఆట ఓడి కూతురు ఏడుస్తుంటే, తల్లి నేరుగా కోచ్ దగ్గరికి వెళ్లింది.

"భాయ్, రేపటి ఫైనల్ నుంచి మా అఖిలను తీసేస్తున్నరంట?"

"ఏం జేయాలమ్మా? కార్నర్‌ల ఉండి రైడర్ కాలు పట్టమంటే, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడుతది."

"మీరు నేర్పిందే గట్ల ఉన్నదేమో."

"నేనా? రైడర్‌ను ఆపు, 'రోకో, రోకో' అని గొంతు చించుకున్న!"

"నోట్ల పాన్ పెట్టుకొనా?"

"పెట్టుకుంటే ఏంది?"

"గోడ పక్కన కూసున్న నాకే 'రుకో' అని వినబడ్డది. 'నువ్వు ఆగు' అంటిరి, పిల్ల ఆగింది."

కోచ్ పక్కకు తిరిగి పాన్ ఉమ్మేశాడు.

"సరే, రేపు ఆడుతది. అప్పుడు గూడ పట్టకపోతే?"

"అప్పుడు తప్పు దానిదే, భాయ్. మీరు ఒర్రకుండ్రి, 'రోకో' అని నేనే ఒర్రుత."