గుంజ పాతిన చోటు

శనివారం అల్లుడు గోల్ఫ్ ఆడుకోవడానికి పెరట్లో ప్లాస్టిక్ గడ్డి పరచడం ముగించాడు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి బట్టల తీగ కట్టిన గుంజ పీకేసి, ఆ గుంటనే బంతి పడే గుంటగా చేసుకున్నాడు. అత్తగారు తడిబట్టల బకెట్‌తో వచ్చారు.

“నా గుంజ ఏది అల్లుడుగారూ?”

“గోడకి ఆనించానత్తయ్యా. ఇకమీద మేడ మీద ఆరేసుకుందాం.”

“మెట్లెక్కడానికి మోకాళ్లు మీరిస్తారా?”

“సరే, పందెం. చెరో దెబ్బ. మీ బంతి గుంటలో పడితే గుంజ మళ్లీ పాతేస్తా.”

“ముందు మీరు కానివ్వండి.”

అల్లుడు గుంటకేసి సూటిగా కొట్టాడు. బంతి కుళాయి వైపు ఒరిగిపోయింది.

“అదేంటి, తిన్నగానే కొట్టానే!”

“నిన్న గడ్డి మీద ఇసుక చల్లి, పోచల్లోకి దిగేలా నన్నేగా ఊడ్చమన్నారు? నేనెప్పుడూ కుళాయి వైపే ఊడుస్తాను. గడ్డి అంతా అటే వాలింది.”

అత్తగారు కుళాయికి ఎదురుగా ఉన్న గోడవైపు గురిపెట్టి కొట్టారు. బంతి వంపు తిరిగి గుంటలో పడింది.

“అన్యాయం అత్తయ్యా! గుంటలో జెండా పెడదామనుకున్నాను.”

“పెట్టండి, వద్దన్నానా? కర్ర నాది, జెండా మీది.”

తొమ్మిదింటికి గుంజ గుంటలో ఉంది. తీగ మీద అల్లుడి తువ్వాలు ఆరుతోంది.