తొర్ర పడ్డ కుండీ

బోన్సాయ్ కుండీలు చేసే షెడ్డులో బట్టీ వేడి ఇంకా తగ్గలేదు; వడ్రంగం చేసే బావమరిది సుత్తితో వచ్చి అప్పటికే నాలుగు కుండీలు పగలగొట్టాడు.

“ఐదోది ఏది కొట్టమంటావు బావా? చెట్టు వేళ్లలా చేసిందా, మొద్దులా చేసిందా?”

“ముందు సుత్తి కింద పెట్టి మాట్లాడు.”

“మూడు వారాలుగా అక్క చెయ్యి కట్టులో ఉంది. ఎలా విరిగింది?”

“చెప్పా కదా. మెట్ల మీద జారింది.”

“ఫోన్లో బాత్రూములో అన్నావు.”

“బాత్రూముకి మెట్టు ఉండదా?”

“ఇదిగో, ఇదీ జారింది.”

“ఒరేయ్, అది నెల రోజుల పనిరా!”

“ఎవరి పని? చేసేది అక్క. అడుగున పేరు గీసుకునేది నువ్వు.”

“ఆ చివరిది మాత్రం ముట్టుకోకు. రేపు ప్రదర్శనకి పోయేది అదే. అచ్చం ముసలిమాను తొర్ర. పక్కింటాయన లోపల చీమలున్నాయేమోనని తొంగి చూశాడు.”

“తొర్ర ఎవరు చేశారు?”

“అది... పచ్చిమట్టి మీద దానంతటదే పడింది.”

“దానంతటదే? నాలుగు వేలి కణుపుల అచ్చులు కనిపిస్తున్నాయి. పిడికిలి బిగించు. ఇందులో పెట్టు.”

“ఏంటీ?”

“పెట్టకపోతే నీ నెత్తిన పెడతా దీన్ని.”

“మెడ వదులు... పెడతా, పెడతా. ఇదిగో. చూశావా? పట్టట్లేదు.”

“నొక్కు.”

“చర్మం లేస్తోందిరా. పట్టదు. నా పిడికిలి పెద్దది. ఇప్పుడేమంటావు?”

“పట్టట్లేదు...”

“ఇంకెవడిదో. నేను లేనప్పుడు ఎవడొచ్చి పోతున్నాడో మీ అక్కనే అడుగు.”

“ఏమన్నావు? మళ్లీ అను. అనరా!”

“అబ్బా... పన్ను... పన్ను ఊడిందిరా...”

“ఆగు తమ్ముడూ.”

“నువ్వెందుకు లేచి వచ్చావక్కా?”

“తలుపు అవతలే ఉన్నా. ఆ పిడికిలి పట్టదు. ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత మట్టి ముడుచుకుంటుంది. పదో వంతు తగ్గిపోతుంది. ఆయనకి తెలియదా?”

“ఏమే, నోర్ముయ్.”

“కుండీని బండ మీద పడుకోబెట్టి, ఎడమ చెయ్యి లోపల ఆనించి, పైన బెరడు గీస్తున్నా. ఈసారి అడుగున నా పేరు గీస్తానన్నా. చెయ్యి లోపలుందని తెలిసే పైనుంచి పిడికిలితో గుద్దాడు. రెండుసార్లు. నేను ఆస్పత్రిలో ఉంటే, తొర్ర బాగా కుదిరిందని ఆరబెట్టి కాల్చుకున్నాడు.”

“బావా, పెట్టు. బండ మీద చెయ్యి పెట్టు.”

“వద్దురా. ఏదో కోపంలో... ఏమే, నువ్వైనా చెప్పవే. లోపలి చెయ్యి లేకపోతే కుండీ నిలబడదు, నీకు తెలుసుగా. ఈ చేతుల మీదే కదా బతికేది.”

“తమ్ముడూ, ఆ సుత్తి ఇటివ్వు.”

“నువ్వు అడ్డం రాకక్కా.”

“అడ్డం కాదు. నా కుడి చెయ్యి బాగానే ఉంది. నువ్వు ఆయన ఎడమ చెయ్యి కదలకుండా పట్టుకో.”